గోడవైపు తిరిగి ఆడిన ఆట

మోరిస్‌విల్ దగ్గర ఒక ఐస్ రింక్‌లో ఇప్పుడు నేను పిల్లలకి హాకీ నేర్పుతున్నాను. అందులో మన తెలుగు పిల్లలూ కొందరున్నారు. నన్ను "కోచ్ అంకుల్" అంటారు. వాళ్ల నాన్నలు జాకెట్ మీద జాకెట్ వేసుకుని, కాఫీ కప్పుతో చేతులు కాచుకుంటూ అద్దం అవతల నిలబడతారు. ప్రాక్టీస్ అయ్యాక దాదాపు అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు: "బ్రదర్, మావాడు ప్రో అవుతాడంటారా?"

అవుతాడో లేదో నాకు తెలియదు. అయితే వాడి రోజులు ఎలా గడుస్తాయో మాత్రం తెలుసు. 2001లో కాలేజీ నుంచి బయటపడి మొదలుపెట్టి, పన్నెండేళ్ల పైన ఆ పనే చేశాను. టీవీలో చూపించే పెద్ద లీగ్‌లో ఒక్క ఆట కూడా ఆడలేదు. దాని కిందది, దానికీ కిందది, ఆ రెండిటి మధ్యే తిరిగాను. ఒహాయోలో వదిలేస్తే జార్జియాలో తీసుకున్నారు. బస్సుల్లో పడుకునేవాళ్లం. టీమ్ ఇచ్చిన అపార్ట్‌మెంట్‌లో ఇంకొకడితో కలిసి వండుకుని తినేవాళ్లం. సీజన్ అయిపోగానే సామాన్లు కార్‌లో పడేసుకుని జెర్సీ సిటీలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చి, మళ్లీ ఎవరైనా ఫోన్ చేస్తారా అని వేసవంతా ఎదురుచూసేవాణ్ణి. ఈ వృత్తిలో నాలాంటివాళ్లే ఎక్కువ. పేరొచ్చినవాళ్లు చాలా తక్కువ.

"ఇంగ్లీషులో రాయొచ్చు కదా" అంది మా ఆవిడ. ఇంగ్లీషులో రాస్తే పిల్లలే చదివేస్తారు. ముందు భయపడాల్సింది పెద్దవాళ్లు. ఇక నాకు తెలుగు రాయడం వచ్చిందంటే అది మా అమ్మ చలవ. ఆవిడ ఆదివారాలు గుడి బేస్‌మెంట్‌లో పిల్లలకి తెలుగు చెప్పేది. సొంత కొడుకునే ముందు వరసలో కూర్చోబెట్టి, ఒత్తు తప్పితే అందరి ముందూ చెవి మెలేసేది.

కప్పుల గురించీ కాంట్రాక్టుల గురించీ ఇందులో ఏమీ లేదు. నా ఉద్యోగంలో నాకు ఎక్కువగా మిగిలింది భయం. దాని గురించే రాస్తున్నాను.

అసలు పని

నేను ఆడింది డిఫెన్స్‌మన్‌గా. డిఫెన్స్‌మన్ అంటే గోల్ దగ్గర కాపలా కాసేవాడనుకుంటారు. నిజమే. కానీ అందులో సగం పని గోడవైపు తిరిగి చేసేది.

అవతలి టీమ్‌వాళ్లు పుక్‌ని, అంటే ఆ నల్ల రబ్బరు బిళ్లని, మన వెనక మూలలోకి కొడతారు. దాన్ని వెళ్లి తెచ్చుకోవాల్సింది మనం. ఆటకి వీపు పెట్టి, ఉన్న శక్తంతా కూడగట్టుకుని మూల గోడ వైపు స్కేట్ చేసుకుంటూ పోవాలి. అదే క్షణంలో గోల్ వెయ్యడం పనిగా ఉన్న అవతలి ఫార్వర్డ్ ఒకడు మన వెంట పడతాడు. పుక్ సంగతి వాడికి తర్వాత. ముందు మనల్ని గోడకేసి కొట్టాలి. గోడ అంటే నడుం పైదాకా గట్టి బోర్డు, ఆ పైన మందపాటి అద్దం. మన కళ్లు పుక్ మీద ఉంటాయి. వాడి కళ్లు మన మీద ఉంటాయి.

వెనకనుంచి గుద్దకూడదని రూల్ ఉంది. పక్కనుంచి, భుజానికి భుజం తగిలేలా కొట్టచ్చు. కానీ ఆ వేగంలో మనం ఆఖరి క్షణాన కాస్త తిరిగామంటే భుజం ఉండాల్సిన చోటికి వీపు వస్తుంది. అప్పుడు రెఫరీ విజిల్ ఊది, కొట్టినవాణ్ణి తీసుకెళ్లి పెనాల్టీ బాక్స్‌లో కూర్చోబెడతాడు. విజిల్ ఊదితే మెడ అతుక్కోదు.

అందుకే డిఫెన్స్‌మన్లని జోడీలుగా పెడతారు. ఒకడు పుక్ కోసం గోడకి వెళితే రెండోవాడు వాడి వెనక కళ్లు. చూసి కేకెయ్యాలి. "టైమ్" అంటే దగ్గర్లో ఎవరూ లేరు, నిదానంగా తీసుకో అని. "మ్యాన్ ఆన్" అంటే మీదికి వచ్చేశాడని. "రివర్స్" అంటే వచ్చిన దారినే పుక్‌ని వెనక్కి కొట్టు, నేనున్నానని. కాలేజీలో ఇవి ఆటలో భాగం అనుకునేవాణ్ణి. ఇవి లేకపోతే ఏమవుతుందో ఒహాయోలో తెలిసింది.

నోరు మూయించిన కోచ్

అది నా రెండో సీజన్. ఆ టీమ్ కోచ్‌కి కేకలంటే పడదు. "మీ అరుపులు అవతలివాళ్లకి కూడా వినపడతాయి. నోళ్లు మూసుకుని, ఎవడి తల వాడు తిప్పి చూసుకోండి" అనేవాడు. ప్రాక్టీస్‌లో ఎవరైనా అరిస్తే రింక్ చుట్టూ పరిగెత్తించేవాడు. పెద్దాయన, పేరున్నవాడు, ఎదురు చెప్పే ధైర్యం మాకెక్కడిది? కొన్నాళ్లకి మా జోడీలన్నీ మూగబోయాయి.

ఒక ఆటలో పుక్ ఎడమ మూలకి వచ్చింది. వెళ్లాను. వెనకనుంచి "టైమ్! టైమ్!" అని వినపడింది. నా కోసం కోచ్ మాట కూడా కాదని అరిచాడు అని నా జోడీ మీద ప్రేమ పుట్టుకొచ్చింది. ఆగి, తల వంచి, గోడకి అంటుకున్న పుక్‌ని స్టిక్‌తో ఇవతలికి లాక్కుంటున్నాను.

అరిచింది నా జోడీ కాదు. నన్ను కొట్టడానికి వస్తున్నవాడే.

తర్వాత నాకు గుర్తున్నది రింక్ పైకప్పు లైట్లు. ఎడమ చెయ్యి ఎవరిదో తెచ్చి నాకు తగిలించినట్టుంది. లాకర్ రూమ్‌లో స్కేట్ లేసులు విప్పుకోలేకపోతే ట్రెయినర్ విప్పాడు. ఎముక విరగలేదు, మెడ దగ్గర నరాలు లాగేశాయి అన్నాడు డాక్టర్. రెండు వేళ్లలో స్పర్శ తిరిగి రావడానికి చాలా వారాలు పట్టింది. రాత్రిళ్లు మంచం మీద పడుకుని ఆ వేళ్లని బొటనవేలితో గిల్లుకుంటూ, ఇవి ఇలాగే ఉండిపోతే ఎలా అనుకునేవాణ్ణి.

అది మోసం కాదా అని అడుగుతారు నాన్నలు. కాదు. అందరూ చేసేదే. అవతలివాడిలా అరిచి బోల్తా కొట్టించడం మా వృత్తిలో తెలివి. తర్వాత్తర్వాత నేనూ చేశాను.

కోచ్ చూడటానికి వచ్చి, "తల తిప్పి చూసుకోమన్నాను కదా" అన్నాడు. అరికాలి మంట నెత్తికెక్కింది. "యెస్ కోచ్" అన్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆయన చెప్పిన దాంట్లో సగం నిజముంది. తల తిప్పి చూసుకోవాలి. కానీ అక్కడ ఒకడికి ఇంకొకడు చేయగలిగిన సాయం ఆ కేక ఒక్కటే, దాన్ని ఆయన బలహీనత అనుకున్నాడు. అలాంటి పై అధికారులు అన్ని వృత్తుల్లోనూ ఉంటారు. మా వృత్తిలో వాళ్లవల్ల మెడలు పోతాయి.

కాళ్లలో దిగిన భయం

దెబ్బ తగ్గింది. భయం తగ్గలేదు.

ఎదురుగా వచ్చేదాన్ని చూసి నేనెప్పుడూ భయపడలేదు. పుక్‌కి కాలు అడ్డం పెట్టమంటే పెట్టేవాణ్ణి. కొట్లాటకి దిగమంటే దిగేవాణ్ణి. వెనకనుంచి వచ్చే స్కేట్ల చప్పుడంటేనే భయం. పాత చీర చింపినట్టుంటుంది ఆ చప్పుడు. అది వినపడగానే నాకు తెలియకుండానే కాలు అర అడుగు తగ్గేది. అవతలివాడు ముందు పుక్ దగ్గరికి చేరేవాడు, నేను వెనకనుంచి వెళ్లి వాణ్ణి తోసేవాణ్ణి. చూసేవాళ్లకి పాపం పరుగులో ఓడిపోయాడు అనిపిస్తుంది. నేను ఓడిపోవడం లేదు, ఓడిపోవాలని చూస్తున్నాను.

బయట కూడా అంతే. హోటల్‌కి వెళితే వీపు గోడకి ఆనేలా కూర్చునేవాణ్ణి. ఇండియన్ స్టోర్‌లో క్యూలో ఉంటే వెనకనుంచి ఎవరిదో కార్ట్ మడమకి తగిలింది, పై ప్రాణాలు పైనే పోయాయి. చేతిలో ఉన్న పెరుగు డబ్బా కింద పడేశాను. అమ్మ పక్కనే ఉంది.

"ఏంట్రా, పోలీసులేమైనా వెతుకుతున్నారా నిన్ను?" అంది.

నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

అలా ఆరేడేళ్లు నెట్టుకొచ్చాక జార్జియాలో నన్ను తీసుకున్న కోచ్ పేరు రే. ఒకప్పుడు ఆయనా డిఫెన్స్‌మనే. ఒక మోకాలు వంగదు, మెట్లెక్కేటప్పుడు ఆ కాలిని చేత్తో ఎత్తి పెట్టుకునేవాడు. నేను చేరిన కొన్ని రోజులకే ఆఫీస్‌కి పిలిచాడు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అన్నాడు.

"ఏమిటి కోచ్?"

"పుక్ దగ్గరికి కావాలని రెండోవాడిగా చేరడం."

ఇంటికి టికెట్ చేతిలో పెడతాడనుకున్నాను. దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. ఆయన విని, వంగని కాలిని పక్క కుర్చీ మీద పెట్టుకున్నాడు.

"భయం లేనివాణ్ణి నేను జోడీలో వెయ్యను. వాడు చావడమే కాక పక్కవాణ్ణి కూడా చంపుతాడు. భయం పోతుందని ఎవరైనా చెబితే, వాడు ఎప్పుడూ మూలకి వెళ్లలేదన్నమాట. అది పోదు. కాళ్లలో ఉంచుకుంటే మాత్రం నువ్వు నాకు పనికిరావు. నోట్లో పెట్టుకో. నీకెంత భయమేస్తే నీ జోడీ కోసం అంత గట్టిగా కేకెయ్. వాడు నీ కోసం వేస్తాడు."

ఇది తప్ప భయం గురించి పనికొచ్చే మాట నాకు ఇంకెవరూ చెప్పలేదు. ఇప్పుడు పిల్లలకి షాట్ కొట్టడం కంటే ముందు అరవడం నేర్పుతాను. మన పిల్లలకి ఇది కష్టం. ఇంట్లో, స్కూల్లో నెమ్మదిగా మాట్లాడమని చెప్పి చెప్పి పెంచుతాం కదా, ఐస్ మీద కూడా "ఎక్స్‌క్యూజ్ మీ" అన్నట్టు పిలుస్తారు.

ఖాళీ, వెనక, తిప్పు

రే నన్ను కైల్‌తో జోడీ కట్టాడు. కైల్‌ది మిన్నెసోటా ఉత్తర కొస. పాల డెయిరీ ఉన్న కుటుంబం, చిన్నప్పటి నుంచి పొలం అవతలి ఆవుల్ని కేకేసి పిలిచిన గొంతు. మనిషి పొడుగు, నవ్వు పెద్దది. నా ఇంటిపేరు వేమూరి వాడి నోట్లో "వెమ్స్" అయి, టీమ్ అంతా అదే ఖాయం చేసింది.

కైల్ గొంతు రింక్ అవతలి కొసకి వినపడేది. అయినా నాకు ధైర్యం చాలేది కాదు. "టైమ్" అని వినపడిన ప్రతిసారీ, ఇది కైల్ గొంతేనా, వెంట వచ్చేవాడిదా అని ఒక్క క్షణం తటపటాయించేవాణ్ణి. అక్కడ ఒక్క క్షణం చాలా ఎక్కువ.

ఒకరోజు బస్‌లో అమ్మతో ఫోన్ మాట్లాడి పెట్టేశాను. పక్క సీట్లో కైల్ నన్నే చూస్తున్నాడు.

"నువ్వు ఇప్పుడు మాట్లాడిన భాష ఈ లీగ్‌లో ఇంకెవరికైనా వచ్చా?"

"నాకు తెలిసి ఎవరికీ రాదు."

"మరి మనం ఇంగ్లీషులో ఎందుకు అరుస్తున్నాం?"

బుర్ర తక్కువ మనిషిలా కనపడేవాడు కానీ, అన్నేళ్లు ఆడిన నాకు తట్టని మాట వాడికి తట్టింది. మాటలు వెతకడం మొదలుపెట్టాం. "టైమ్"కి "ఎవరూ లేరు" అంటే చాలా పొడుగు, అది పూర్తయ్యేలోపు ఎవరో ఒకరు వచ్చేస్తారు. "ఖాళీ" బాగుంది. "మ్యాన్ ఆన్"కి "వెనక". "రివర్స్"కి "తిప్పు". దారి పొడుగునా వాడు వల్లె వేస్తూనే ఉన్నాడు. నిద్ర చెడిన మా గోల్ కీపర్ వెనక సీట్లోంచి చెప్పు విసిరాడు. "వెనక" వాడి నోట్లో సాగి "వెనకాఆ" అయింది. "ళ" ఎంతకీ పలకలేదు, "కాలీ" అనేవాడు. పోన్లే అనుకున్నాను.

ఆ తర్వాతి ఆటలోనే పుక్ కోసం మూలకి వెళుతుంటే వెనకనుంచి ఎవరో "టైమ్! టైమ్!" అంటున్నారు. దాని మీదుగా "వెనకాఆ!" అని కైల్ కేక. ఎవడు అబద్ధమాడుతున్నాడో తెలిసిపోయింది. పుక్‌ని తాకీ తాకకుండా గోడ వెంట పంపించి పక్కకి తప్పుకున్నాను. నా వెంట వచ్చినవాడు కాసేపాగి, "మీవాడు ఏమని అరుస్తున్నాడు?" అని అడిగాడు. "వాళ్ల అమ్మమ్మ పేరు" అన్నాను.

సీజన్ సగమయ్యేసరికి మా డిఫెన్స్‌వాళ్లందరికీ ఆ మూడు మాటలు వచ్చేశాయి. నేను బాగా ఆడిన రోజులంటూ ఉంటే అవి కైల్‌తో ఆడిన ఆ రెండు సీజన్లే. భయం ఏమీ తగ్గలేదు. కానీ కాళ్లు మాట వినేవి.

పెన్సిల్వేనియాలో ఆట ఉంటే అమ్మానాన్న కార్‌లో వచ్చారు. అమ్మ దాదాపు ఆటంతా కళ్లు మూసుకునే కూర్చుందట. కైల్ "కాలీ" అంటే తెరిచేది, "వెనకాఆ" అంటే గట్టిగా మూసేసుకునేది. తర్వాత నాన్న చెబితే తెలిసింది. ఆట అయ్యాక లాబీలో కైల్ చేతిలో పులిహోర డబ్బా పెట్టి, "నీ గొంతు వినపడినంతసేపూ నాకు ధైర్యం బాబూ. కానీ ఆ 'ళ' మాత్రం నేర్చుకో" అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. కైల్ తడి జుట్టుతో అక్కడే నిలబడి, నాలుక మడతపెట్టి చాలాసార్లు ప్రయత్నించాడు. అమ్మ పాస్ చెయ్యలేదు.

కైల్ వెళ్లిపోవడం

జార్జియాలో మా మూడో సీజన్‌లో, ఒక హోటల్‌లో పొద్దున టిఫిన్ చేస్తుంటే రే కాలీడ్చుకుంటూ మా టేబుల్ దగ్గరికి వచ్చాడు. "కైల్, నిన్ను ట్రేడ్ చేశారు" అన్నాడు. సౌత్ కెరొలైనాలో మాకు బద్ధ శత్రువులైన టీమ్‌కి. మా పనిలో ఇంతే. ప్లేట్‌లో గుడ్డు అలా వదిలేసి లేవాలి.

వాడి బ్యాగ్ కార్‌లో పెట్టడానికి సాయం వెళ్లాను. అడగాల్సింది నోటిదాకా వచ్చి ఆగిపోయింది: ఆ మూడు మాటలూ వాళ్లకి చెబుతావా? వాడూ ఆ ఊసెత్తలేదు. కౌగిలించుకుని వెళ్లిపోయాడు.

ఏరు దాటాక తెప్ప తగలేయడం అంటారు కదా, మా వృత్తిలో అది తప్పు కాదు, ఉద్యోగ ధర్మం. టీమ్ మారినవాణ్ణి కొత్త కోచ్ మొదటి రోజే కూర్చోబెట్టి పాత టీమ్ గుట్టంతా అడుగుతాడు. ఎవడి ఎడమ మోకాలు నొప్పి, ఎవడు దేనికి భయపడతాడు, అంతా. అందరూ చెబుతారు. వాడి స్థానంలో నేనుంటే నేనూ చెప్పేవాణ్ణే. అందుకే అంత భయపడ్డాను. మూడు మాటలు నేర్చుకోవడానికి ఒక మధ్యాహ్నం చాలు. అవతలివాడు వెంటపడుతూ "ఖాళీ" అంటే నేను నమ్మి ఆగిపోతాను.

మాటలు మార్చమన్నాడు రే. మార్చి చూశాం. ప్రాక్టీస్‌లో బాగానే ఉండేది. ఆటలో ప్రాణం మీదికొస్తే పాత మాటే నోట్లోంచి వచ్చేది. చివరికి వదిలేశాం.

ఆ సీజన్‌లో కైల్ టీమ్‌తో ఎన్నిసార్లు ఆడినా వాళ్లలో ఒక్కడి నోట కూడా తెలుగు మాట రాలేదు. నాకు ఊరట కలగాలి కదా? కలగలేదు. పెద్ద ఆట కోసం దాచి ఉంచుతున్నారనుకున్నాను. భయం పట్టుకున్నవాడికి మంచి జరిగినా అనుమానమే.

మరుసటేడు కైల్ కాళ్లు నెమ్మదించాయి. కుర్ర డిఫెన్స్‌మన్లు వచ్చారు. వాళ్ల కోచ్ వాణ్ణి, ఇంటికి వెళతావా, ఫార్వర్డ్‌గా ఆడతావా అని అడిగాడు. బతకాలంటే ఏ వేషమైనా వెయ్యాలి, ఒప్పుకున్నాడు. ఆ వేషంలో వాడి పని ఒక్కటే: పుక్ కోసం మూలకి వెళ్లే డిఫెన్స్‌మన్లని వెంటాడి గోడకి కొట్టడం. ప్లేఆఫ్స్ వచ్చాయి. వాళ్లూ మేమూ తలపడ్డాం. గెలుపోటములు సమానమై ఆఖరి ఆట మిగిలింది.

ఆటకి ముందు వార్మప్‌లో మధ్య గీత దగ్గర ఇద్దరం ఎదురుపడ్డాం.

"మెడ ఎలా ఉంది వెమ్స్?"

"ఇంకా ఉంది."

"ఇవాళ మా కోచ్ నన్ను నీ వైపే వేశాడు. ఆ పని చెయ్యకపోతే రేపటి నుంచి టీమ్‌లో నాకు లాకర్ ఉండదు."

"తెలుసు."

"నీకు తెలుసని తెలుసు. అయినా చెబుతున్నాను" అని వెళ్లిపోయాడు.

ఎడమ మూల

మొదటి రెండు పీరియడ్లలో నన్ను గట్టిగానే కొట్టాడు. అన్నీ భుజానికే, ఒక్కటి కూడా తప్పు దెబ్బ కాదు. ప్రతిసారీ నా కొత్త జోడీ టైలర్ ముందే కేకేసి చెప్పాడు కాబట్టి కాళ్లు ఊని, దెబ్బ తట్టుకోగలిగాను.

ఆఖరిదైన మూడో పీరియడ్ చివర్లో మేము ఒక్క గోల్ ముందున్నాం. పుక్ ఎడమ మూలకి వచ్చింది. నేను తిరిగి పరుగందుకున్నాను. అక్కడే, నా వెనక, టైలర్ ఇంకొకడితో గుద్దుకుని పడిపోయాడు. అది నేను చూడలేదు. నాకు తెలిసిందల్లా కేక రాలేదని. జనం గోల చేస్తూనే ఉన్నారు, బెంచీల మీంచి అరుపులు వస్తూనే ఉన్నాయి. నాక్కావలసిన ఒక్క మాట మాత్రం లేదు. స్కేట్ల చప్పుడు వినపడుతోంది. రెండేళ్లు పక్కనే విన్న చప్పుడు, ఎవరిదో చెప్పక్కర్లేదు.

ఇన్నేళ్లూ రాకుండా చూసుకున్నది ఇవాళ వచ్చేసింది అనుకున్నాను. అయినా వంగాను. వంగకపోతే పుక్ రాదు.

"వెనకాఆ!"

కైల్ గొంతు.

అబద్ధమైతే, నేను కంగారుపడి పుక్‌ని గుడ్డిగా మధ్యలోకి కొడతాను, అక్కడ వాళ్లవాళ్లు కాచుకుని ఉంటారు. నిజమైతే వాడు నా మీదే ఉన్నాడు. అబద్ధం చెప్పేవాడు "ఖాళీ" అంటాడు కానీ "వెనక" అనడు కదా అని మర్నాడు ఆస్పత్రి వరండాలో కూర్చుని తర్కించుకున్నాను. అప్పుడు మాత్రం ఏమీ ఆలోచించలేదు. వాణ్ణి నమ్మానని కూడా చెప్పలేను. పుక్‌ని వదిలేసి, గోడ వెంబడి ఒళ్లు పక్కకి లాగేసుకున్నాను.

నేనున్న చోటికి వాడు తన బరువంతా వేసేశాడు. అక్కడ నేను లేను. గోడ ఉంది.

ఆ చప్పుడు రాయడం నాకు చేతకాదు. తిరిగి చూసేసరికి కైల్ ఐస్ మీద పక్కకి పడి ఉన్నాడు, కదలట్లేదు. నేను మోకాళ్ల మీద కూలబడి వాడి పేరు పెట్టి అరుస్తున్నాను. కాసేపటికి వాడి కాలు కదిలింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. అంతమంది ముందు, గ్లవ్స్‌తో మొహం తుడుచుకుంటూ ఏడ్చాను.

ఆట మేమే గెలిచాం.

గోడ చూసేవాడు, మనిషిని చూసేవాడు

మర్నాడు పొద్దున ఆస్పత్రికి వెళ్లాను. భుజం విరిగింది, మెడ కింది కాలర్‌బోన్ విరిగింది. ప్లేట్లు వేశారు. చెయ్యి పనిచేస్తుంది కానీ ఆ భుజం ఇంకెప్పుడూ దెబ్బ ఓర్చుకోలేదన్నారు. అంటే కైల్ ఆట అయిపోయింది.

"మా కోచ్ వచ్చి వెళ్లాడు. నేను ఏమని అరిచానని అడిగాడు" అన్నాడు.

"ఏం చెప్పావు?"

"ఇండియన్ బూతు అన్నాను. చాలా పెద్దది అన్నాను."

ఇద్దరం నవ్వాం. నవ్వితే వాడికి నొప్పి పుట్టి, మూలిగాడు. నాకు నవ్వు ఆగిపోయింది.

"ఎందుకు చెప్పావురా? నోరు మూసుకుంటే నీ ఉద్యోగం ఉండేది" అన్నాను.

"చెప్పాలని చెప్పలేదు. నిన్ను కొట్టడానికే వచ్చాను. నువ్వు వంగావు, నీ వీపు నాకు ఎదురుగా వచ్చింది. ఆ వేగంలో నేనిక ఆగలేనని తెలిసింది. భయమేసి అరిచేశాను."

"నీకా? కొట్టేవాడికి భయమేమిటి?"

కైల్ నన్ను వింతగా చూశాడు.

"ప్రతిసారీ వేస్తుంది వెమ్స్. నీకు గోడ కనిపిస్తుంది. నాకు మనిషి కనిపిస్తాడు. వాడికి ఏమవబోతోందో వాడికంటే ముందు నాకు తెలుస్తుంది."

అన్నేళ్లూ భయమంతా వీపు తిప్పినవాడిదే అనుకున్నాను. వెనక వచ్చేవాడికి కోపం, పొగరు, ఆకలి ఏవైనా ఉండచ్చు కానీ భయం ఉండదనుకున్నాను. నేనూ ఎంతోమందిని గోడకి కొట్టాను. వాళ్లలో ఒక్కడి గురించి కూడా అలా ఆలోచించలేదు.

కైల్ ఇప్పుడు వాళ్ల ఊళ్లో స్కూల్ బస్ నడుపుతున్నాడు. అమ్మ అప్పుడప్పుడూ వాడికి ఫోన్ చేసి, నాకు చెప్పని సంగతులన్నీ చెప్పుకుంటుంది.

ఆ తర్వాతి సీజన్‌కి రే నన్ను మళ్లీ తీసుకున్నాడు. మెడ బాగుంది, కాళ్లు బాగున్నాయి, టైలర్ గొంతు కూడా బాగా లేచింది. సీజన్ మొదలైన కొన్నాళ్లకి ఒక ఆటలో, మా మూలలోనే, అవతలి ఫార్వర్డ్ ఒకడు పుక్ కోసం గోడవైపు తిరిగి వంగాడు. వెనక నేనున్నాను. దూరం, వేగం అంతా కుదిరింది. పక్కకి జరిగి భుజం ఆనించి కొడితే సరిపోతుంది, వేలసార్లు చేసిన పనే. వాడి హెల్మెట్‌కీ కాలర్‌కీ మధ్య మెడ కనిపించింది. చెమటకి జుట్టు అంటుకుని ఉంది. నా స్కేట్లు వాటంతటవే అడ్డంగా తిరిగి, ఐస్ గీరుకుంటూ ఆగిపోయాయి.

దెబ్బ కోసం భుజాలు బిగించుకున్నవాడు, అది రాకపోయేసరికి తల తిప్పి చూశాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు, కానీ నన్ను చూసి వాడు అలాగే ఉండిపోయాడు. పుక్ మా ఇద్దరి కాళ్ల మధ్య ఉంది. ఇంకెవడో వచ్చి దాన్ని తీసుకెళ్లి మా గోల్‌లో వేశాడు. బెంచీకి తిరిగొచ్చి, గ్లవ్స్ తీసి, రే పక్కన కూర్చున్నాను. ఆయన నన్ను మళ్లీ దిగమనలేదు. నేనూ లేవలేదు.